పాత పెట్రోల్ కారుకు థ్రాటిల్ బాడీ మార్చుకోవడం ఎలా: బెంగళూరులో ఉన్నవాళ్ల కోసం

సిగ్నల్ దగ్గర ఏసీతో ఆగగానే ఇంజిన్ వణికి ఆగిపోతోందా? లేదా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా రేస్ 1500 ఆర్‌పీఎం దగ్గరే ఉండిపోయి కిందికి దిగడం లేదా? మెకానిక్ బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి "థ్రాటిల్ బాడీ పోయింది సార్" అన్నాడా? ఆయన అన్నది నిజమే కావచ్చు. కానీ ఈ పార్టు మోసే నిందలు చాలా ఎక్కువ. చీలిన వ్యాక్యూమ్ పైపు తప్పు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు తప్పు, ఆఖరికి నీరసించిన బ్యాటరీ తప్పు కూడా దీని ఖాతాలోనే పడతాయి. కొత్తది తెచ్చి బిగించాక కూడా బండి అలాగే వణికితే డబ్బు పోయినట్టే. ఒకసారి బండికి ఎక్కించిన ఎలక్ట్రికల్ పార్టును ఏ షాపువాడూ మామూలుగా వెనక్కి తీసుకోడు.

అందుకే ఈ పనిలో స్పానర్ పట్టుకునే భాగం చిన్నది. అంతకుముందు చేసే పరీక్ష, ఆ తర్వాత కొత్త పార్టును ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి అలవాటు చేయడం, ఈ రెండే పెద్ద పనులు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కేబుల్‌తో నడిచే థ్రాటిల్ ఉన్న పెట్రోల్ కార్ల గురించి: పాత ఆల్టో, వ్యాగనార్, 2003లో వచ్చిన శాంత్రో జింగ్ లాంటివి. 2008 నాటి హోండా సిటీ లాంటి వాటిలో కేబుల్ ఉండదు, మోటారే తిప్పుతుంది. వాటి సంగతి విడిగా చెబుతాను. డీజిల్ బండిలో కూడా చూడటానికి ఇలాంటిదే ఒకటి ఉండొచ్చు గానీ దాని పని వేరు, దానికి ఇది వర్తించదు.

తప్పు ఎవరిదో ముందు తేల్చుకోండి

ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావుపాటి రబ్బరు గొట్టానికీ, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కీ మధ్య ఉండే అల్యూమినియం ముక్కే థ్రాటిల్ బాడీ. లోపల గుండ్రటి పలక ఉంటుంది, దాన్ని బటర్‌ఫ్లై అంటారు. పెడల్ నొక్కితే కేబుల్ లాగి ఈ పలకను తిప్పుతుంది, గాలి లోపలికి వెళ్తుంది. పక్కన అతికించిన టీపీఎస్ అనే సెన్సర్, పలక ఎంత తెరుచుకుందో ఈసీయూకి చెబుతూ ఉంటుంది. కాలు తీసేశాక పలక మూసుకుపోతుంది కదా, అప్పుడు ఇంజిన్‌కి కావాల్సిన కాస్త గాలిని పక్కదారిలో వదిలేది ఐఏసీ వాల్వ్. ఏసీ వేసినా, స్టీరింగ్ తిప్పినా రేస్ పడిపోకుండా నిలబెట్టేది అదే.

ఇంజిన్ కింది భాగం (క్రాంక్‌కేస్) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కూడా ఈ దారిలోనే ఇంజిన్‌లోకి పోతుంది. ఐడ్లింగ్‌లో, అంటే పెడల్ తాకకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, పలక దాదాపు మూసి ఉంటుంది కాబట్టి ఆ ఆవిరి, దుమ్ము కలిసి దాని అంచు చుట్టూ నల్లటి వలయంలా గట్టిపడతాయి. సిల్క్ బోర్డు, కేఆర్ పురం, హెబ్బాళ దారుల్లో రోజూ తిరిగే బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. మీటర్ కదలకపోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంది. ఎక్కువగా హైవే మీదే తిరిగే అదే మోడల్ బండిలో ఇంత మసి ఉండదు.

చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంటే తప్పుల కోడ్లు చదివే స్కానర్ పెట్టండి. చవకగా దొరికే బ్లూటూత్ స్కానర్ 2013 తర్వాతి కార్లలో బాగానే పనిచేస్తుంది, 2010కి ముందు వాటిలో చాలాసార్లు కనెక్టే కాదు. అలాంటప్పుడు మీ కారు తయారుచేసిన కంపెనీ స్కానర్ ఉన్న గ్యారేజీలో చూపించుకోవాలి. పీ0122, పీ0123 అని వస్తే టీపీఎస్ వోల్టేజీ మరీ తక్కువ, మరీ ఎక్కువ అని అర్థం. పీ0505, పీ0506, పీ0507 ఐడ్లింగ్ అదుపులో లేదని చెబుతాయి. పీ2135 అయితే మోటారు తిప్పే ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో ఉన్న రెండు సెన్సర్ల లెక్క ఒకదానితో ఒకటి కుదరడం లేదు. ఈ కోడ్ల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది, ఏ పార్టు కొనాలో చెప్పదు. కనెక్టర్‌లో ఒక పిన్ను పచ్చబారినా పీ0122 వస్తుంది.

కాబట్టి వరసగా ఇవి చూడండి. బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు పైన, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ వైర్ల చివర్లు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. పదిహేనేళ్ల బండిలో ఈ ఒక్క పనితోనే తీరిపోయే జబ్బులు ఎన్నో.

తర్వాత దొంగగాలి. థ్రాటిల్‌ను దాటి పక్కనుంచి లోపలికి దూరే గాలి అన్నమాట. ఇంజిన్ నడుస్తుండగా బ్రేక్ బూస్టర్ పైపు, ఆయిల్ ఆవిరిని తెచ్చే పీసీవీ పైపు, మానిఫోల్డ్ అతుకులు, వీటి మీద సబ్బు నీళ్లు స్ప్రే బాటిల్‌తో కొంచెం కొంచెంగా కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు రేస్ మారుతుందో లీకు అక్కడే. కార్బురేటర్ కడిగే కార్బ్ క్లీనర్ స్ప్రేతో ఈ పరీక్ష చేసేవాళ్లు ఉన్నారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది భగ్గున అంటుకుంటుంది, వద్దు.

స్కానర్ ఉంటే ఇంకో మంచి పరీక్ష ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగ్ చూడండి. చెన్నైలో అది 101 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 90, 91 చూపిస్తుంది. చెన్నై మెకానిక్ వీడియో చూసి మీ సెన్సర్ పాడైందని టెన్షన్ పడకండి. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆఫ్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచితే ఆ అంకె 30 నుంచి 40 మధ్యకు దిగాలి. 50కి దగ్గరగా నిలబడిందంటే ఎక్కడో గాలి దూరుతోంది, లేదా ఇంజిన్‌లోనే ఇంకేదో తేడా ఉంది. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచి లేదా తగ్గించి సర్దుతోందో కూడా చూడండి. ఐడ్లింగ్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే అది గాలి లీకే అని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు.

ఇక టీపీఎస్. కేబుల్ థ్రాటిల్ మీద సాధారణంగా దీనికి మూడు వైర్లు ఉంటాయి: ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కీ ఆన్‌లో పెట్టి, సన్నటి గుండుసూది కనెక్టర్ వెనక నుంచి సిగ్నల్ వైరు పక్కన దూర్చి మల్టీమీటర్ తగిలించండి. పలక మూసి ఉన్నప్పుడు 0.5 వోల్టు దగ్గర, పూర్తిగా తెరిచినప్పుడు 4.5 దగ్గర చూపించాలి. ఇక్కడ తొందర పనికిరాదు. పలకను చేత్తో వీలైనంత నిదానంగా తిప్పుతూ అంకె చూడండి. 0.5, 0.6, 0.7 అని మెత్తగా ఎక్కుతూ పోవాలి. 0.8 నుంచి ఒక్కసారిగా 0.2కి పడి మళ్లీ లేచిందంటే లోపలి ట్రాక్ అక్కడ అరిగిపోయింది. అరుగుదల ఎక్కువగా ఈ మొదటి పావు భాగంలోనే ఉంటుంది, సిటీలో మన కాలు ఎప్పుడూ ఉండేది అక్కడే కదా. ఈ ఒక్క సెన్సరే పాడై, మీ మోడల్‌కి అది విడిగా దొరుకుతుంటే అది మాత్రం మార్చుకోండి. ఐఏసీ వాల్వ్ సంగతీ అంతే. మొత్తం బాడీ కొననక్కర్లేదు.

ఒకసారి కడిగి చూడండి

సెన్సర్లు బాగుంటే, కొత్తది కొనే ముందు శుభ్రం చేసి చూడాల్సిందే. రబ్బరు గొట్టం ఊడదీసి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను పాత కాటన్ బనియన్ గుడ్డ మీద కొట్టి, దాంతో పలక రెండు వైపులా, అంచు చుట్టూ తుడవండి. వైరు బ్రష్, ఉప్పు కాగితం వద్దు. చాలా కంపెనీలు లోపలి గోడకు పలుచని పూత వేస్తాయి, అది గీరుకుపోతే పలక పట్టేస్తుంది. ఐఏసీ వాల్వ్ విప్పితే దాని మొనను వేలితో లోపలికి నొక్కకండి, క్లీనర్‌లో ముంచకండి. గుడ్డతో మసి తుడిస్తే చాలు.

శుభ్రం చేశాక వేలి గోరును లోపలి గోడ మీద, పలక అంచు ఆనే చోట మెల్లగా నడిపించండి. గోరు ఒక గాడిలో తట్టుకుంటే ఆ గోడ అరిగిపోయింది. తర్వాత పలక ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. లొడలొడ ఆడుతుంటే బుష్‌లు పోయాయి, ఆ సందులోంచి గాలి పీలుస్తుంది. పలకను తెరిచి వదిలితే టక్‌మని మూసుకోకుండా నిదానంగా వస్తే స్ప్రింగ్ అలిసిపోయింది. ఈ మూడింటిలో ఏది ఉన్నా కడగడంతో పోదు, మార్చుకోవాలి.

ఇంకో మాట. పలక పక్కన బయటివైపు చిన్న స్క్రూ ఒకటి కనిపిస్తుంది, దాని మీద పెయింట్ చుక్కో, ప్లాస్టిక్ మూతో ఉంటుంది. రేస్ తక్కువగా ఉందంటే దాన్ని అర తిప్పు తిప్పి పంపించే మెకానిక్‌లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. కార్బురేటర్ మారుతీ 800 రోజుల అలవాటు అది. అప్పట్లో రేస్ పెట్టుకోవడానికే స్క్రూ ఇచ్చారు. ఎంపీఎఫ్‌ఐ బండిలో, అంటే పెట్రోల్‌ను ఇంజెక్టర్లు చిమ్మే బండిలో అది ఐడ్లింగ్ స్క్రూ కాదు, పలక గోడకు కొట్టుకుని ఇరుక్కోకుండా ఫ్యాక్టరీలో సెట్ చేసిన అడ్డు. దాన్ని తిప్పితే పలక ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటుంది. కాలు తీసేసిన సంగతి ఈసీయూకి తెలియదు, ఐఏసీ వాల్వ్ సర్దలేనంత గాలి లోపలికి పోతుంది. ఆ రోజుకు బండి బాగున్నట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి రేస్ పైకీ కిందికీ ఊగడం మొదలవుతుంది. మీ బండిలో పెయింట్ చుక్క పగిలి ఉంటే ఎవరో ఇప్పటికే వేలు పెట్టారని అర్థం.

జేసీ రోడ్డులో పార్టు కొనడం

బెంగళూరులో పాత కార్ల స్పేర్లంటే జేసీ రోడ్డు. టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా, పక్క సందులతో కలిపి దొరకని పార్టు ఉండదు. కారు వేసుకుని వెళ్తే పార్కింగ్ దొరకదు. మెట్రోలో కేఆర్ మార్కెట్ స్టేషన్‌లో దిగి వెళ్లడం మేలు. ఆదివారం చాలా షాపులు తెరవరు. భాషతో ఇబ్బంది లేదు, కౌంటర్ దగ్గర కన్నడ, తెలుగు, తమిళం, హిందీ అన్నీ ఒకే వాక్యంలో వినిపిస్తాయి.

వెళ్లేముందు రెండు పనులు చేయండి. ఆర్సీలో ఉన్న 17 అక్షరాల చాసిస్ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. థ్రాటిల్ బాడీ మీద అచ్చు వేసిన లేదా స్టిక్కర్ మీద ఉన్న పార్టు నంబర్‌ను కూడా తీసుకోండి. ఆ ఫొటోలు లేకుండా వెళ్తే సంభాషణ ఇలా నడుస్తుంది:

"అన్నా, వ్యాగనార్‌కి థ్రాటిల్ బాడీ కావాలి."

"ఏ ఇయర్ సార్?"

"2008 అనుకుంటా."

"అందులో రెండు టైపులు వస్తాయి సార్. చాసిస్ నంబర్ చెప్పండి."

వీలైతే పాతదాన్నే విప్పి సంచీలో వేసుకుని వెళ్లడం ఇంకా మంచిది, ఆ రోజుకు బండి అవసరం లేకపోతే. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి పోల్చండి. గాలి రంధ్రం వ్యాసం ఒకటేనా? బోల్టు రంధ్రాల మధ్య దూరం సరిపోతోందా? టీపీఎస్ కనెక్టర్ పిన్నులు, ఐఏసీ కనెక్టర్ ఆకారం, కేబుల్ చుట్టుకునే చక్రం ఎటువైపు ఉంది, నీళ్ల పైపులు తగిలించే ముక్కులు ఎన్ని, అవి ఎటు తిరిగి ఉన్నాయి, ఇవన్నీ చూడండి. "అదే సార్, సెట్ అవుతుంది" అంటే ఒప్పుకోకండి. ఒక ముక్కు పక్కకి తిరిగి ఉన్నా నీళ్ల పైపు మడతపడుతుంది.

కొత్త ఒరిజినల్ ధర చూసి గుండె జారితే సెకండ్స్, అంటే వాడిన పార్టుల వైపు మనసు లాగుతుంది. కేబుల్ రకానికి సెకండ్స్ తప్పేం కాదు, కానీ కళ్లతో చూసి కొనాలి. పలక మూసి ఆకాశం వైపు ఎత్తి పట్టుకోండి. అంచు చుట్టూ సన్నగా, సమానంగా వెలుతురు వస్తే ఫరవాలేదు. ఒక పక్కనే ఎక్కువగా కనిపిస్తే అది అరిగిన సరుకు. పలకను ఇరుసుకు బిగించిన రెండు చిన్న స్క్రూలు కదలకుండా ఉన్నాయో లేదో చూడండి. వాటిలో ఒకటి ఊడిందంటే నేరుగా సిలిండర్‌లోకే పోతుంది. ఇరుసు ఆట, స్క్రూ మీద పెయింట్ చుక్క కూడా చూశాకే డబ్బివ్వండి. ఎలక్ట్రానిక్ రకంలో మాత్రం సెకండ్స్ జోలికి వెళ్లకండి. లోపలి ప్లాస్టిక్ గేర్లు, ట్రాకులు ఎంత అరిగాయో బయటనుంచి ఎవరికీ తెలియదు.

బాడీతో పాటు కొత్త గాస్కెట్ తప్పకుండా కొనండి. ప్లాస్టిక్ మానిఫోల్డ్ అయితే రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. రెండు మూడు హోస్ క్లిప్పులు, మీ బండికి సరిపడే కూలెంట్ అర లీటరు కూడా పట్టుకు రండి.

విప్పడం

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేయకండి. అసోసియేషన్ వాళ్ల గొడవ ఒకటి, గాలి ఆడని చోట క్లీనర్ వాసన, పెట్రోల్ ఆవిరి ఇంకోటి. ఆరుబయట, పొద్దున్నే మొదలుపెట్టండి. మే నుంచి అక్టోబరు దాకా సాయంత్రం పని పెట్టుకుంటే సగంలో వాన వచ్చి ఇన్‌టేక్ నోరు తెరుచుకుని ఉంటుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. దీనికి కారణం బోల్టులు కాదు, నీళ్లు. చాలా థ్రాటిల్ బాడీల గుండా కూలెంట్ పోతుంది, చలి దేశాల్లో పలక గడ్డకట్టకుండా పెట్టిన ఏర్పాటు అది. వేడి మీద ఆ పైపు లాగితే చేయి కాలుతుంది. చల్లారాక రేడియేటర్ మూత ఒకసారి తెరిచి ప్రెషర్ వదిలి మళ్లీ పెట్టండి.

బ్యాటరీ నెగటివ్ 10 స్పానర్‌తో విప్పి పక్కకు పెట్టండి. కంపెనీ స్టీరియోకు కోడ్ ఉంటే అది ముందే రాసుకోండి. ఎల్‌పీజీ కిట్ ఉన్న పాత బండి అయితే గ్యాస్ వాల్వ్ కూడా మూసేయండి. థ్రాటిల్ ముందు గ్యాస్‌ను గాలిలో కలిపే మిక్సర్ ఉంటే అది ఎటు తిరిగి ఉందో చూసుకుని విప్పాలి, కిట్ గురించి బొత్తిగా తెలియకపోతే ఈ పని కిట్ వేసినవాడికే వదిలేయడం నయం.

ఇప్పుడు ఫోన్‌తో ఫొటోలు తీయండి, అన్ని వైపుల నుంచి. ప్రతి పైపుకూ, అది తగిలే ముక్కుకూ మాస్కింగ్ టేప్ చుట్టి ఒకే నంబర్ వేయండి. సన్నటి వ్యాక్యూమ్ పైపులు రెండు తారుమారైతే బండి స్టార్ట్ అవుతుంది గానీ మళ్లీ మొదటి జబ్బే కనిపిస్తుంది, కొత్త పార్టును అనుమానిస్తూ కూర్చోవాలి.

ఎయిర్ గొట్టం క్లిప్ వదులు చేసి తీయండి. టీపీఎస్, ఐఏసీ కనెక్టర్ల లాక్ నొక్కి లాగండి, వైరు పట్టుకుని మాత్రం లాగకండి. పాత ప్లాస్టిక్ ఎండిపోయి ఉంటుంది, లాక్ విరిగితే ఆ కనెక్టర్ జీవితాంతం వదులుగానే ఉంటుంది.

కేబుల్ తీసేముందు దాని మీద ఉన్న రెండు నట్లు ఎక్కడ ఉన్నాయో మార్కర్‌తో గీత పెట్టండి. ఒక నట్టు వదులు చేసి, చక్రాన్ని చేత్తో పూర్తిగా తిప్పి పట్టుకుంటే కేబుల్ వదులవుతుంది, అప్పుడు చివర ఉన్న లోహపు గుండును గాడిలోంచి పక్కకు జారిస్తే వచ్చేస్తుంది. కేబుల్ పోగులు తెగి విచ్చుకుని ఉంటే దాన్ని కూడా ఇప్పుడే మార్చండి.

నీళ్ల పైపులు పాత బండిలో ముక్కుకు అతుక్కుపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ముందు ఎడమకీ కుడికీ మెలితిప్పి వదిలించి, తర్వాత లాగండి. చేతిలో సరిపడే సైజు బోల్టు రెడీగా పెట్టుకుని, పైపు ఊడగానే దాని నోట్లో దూర్చేస్తే పావు గ్లాసు కంటే ఎక్కువ కారదు. ఆ రబ్బరు ఉబ్బి, పగుళ్లు తేలి ఉంటే కొత్త పైపు వేయండి.

ఇక మిగిలింది మూడు నాలుగు బోల్టులు. టీ స్పానర్‌తో విప్పి బాడీని బయటికి తీయండి. తీయగానే మానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన పెద్ద గుడ్డ కుక్కండి, సగం బయటికి వేలాడేలా. అక్కడ పడ్డ వాషర్‌ను తీయాలంటే మానిఫోల్డే విప్పాలి.

బిగించడం

మానిఫోల్డ్ ముఖం మీద పాత గాస్కెట్ తునకలు ప్లాస్టిక్ ముక్కతో గీకి, గుడ్డతో తుడవండి. ఉక్కు బ్లేడుతో అల్యూమినియం మీద గీత పడితే అదే రేపటి లీకు. కొత్త గాస్కెట్ పొడిగానే పెట్టాలి. మన మెకానిక్‌లకు అనాబాండ్ అనే సీలింగ్ పేస్టు రాయనిదే నిద్రపట్టదు. అది మంచి సరుకే, దాని చోటు మాత్రం ఇది కాదు. నొక్కుకుపోయిన పేస్టు లోపలివైపు పొంగి, ఎండి, ఊడి ఐఏసీ దారిలో ఇరుక్కుంటుంది.

నోట్లో గుడ్డ తీశారా? ఇప్పుడే తీయండి.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఎం6 బోల్టులకు 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే చిన్న రాచెట్‌ను తల దగ్గర పట్టుకుని మణికట్టు బలంతో ఆపేయండి. అల్యూమినియంలో త్రెడ్ పోతే ఆ రోజంతా అక్కడే తెల్లవారుతుంది.

పైపులు, కనెక్టర్లు టేప్ నంబర్ల ప్రకారం పెట్టండి. కేబుల్‌ను పాత గీత దగ్గరే మొదలుపెట్టి సర్దండి. కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉండాలి. బిగుసుగా ఉంటే పలక పూర్తిగా మూసుకోదు, ఇందాక చెప్పిన స్క్రూ తిప్పిన బండికీ దీనికీ తేడా ఉండదు. ఇప్పుడు ఇంట్లోవాళ్లను ఎవరినైనా పిలిచి పెడల్ పూర్తిగా నొక్కమనండి. పలక గాలి దారికి సమాంతరంగా, పూర్తిగా తెరుచుకోవాలి. వదలమనండి. టక్‌మని చప్పుడుతో మూసుకోవాలి. ఇలా పదిసార్లు చేయించండి. ఒక్కసారి నిదానించినా, ఆగినా ఇంజిన్ స్టార్ట్ చేయకండి, కారణం దొరికే దాకా వెతకండి. ఫ్లోర్ మ్యాట్ పెడల్ కిందికి జారిందేమో కూడా చూడండి.

కారిన కూలెంట్‌ను అదే రకంతో నింపండి. బోర్ నీళ్లు పోయకండి, వైట్‌ఫీల్డ్ వైపు గీజర్లు ఏడాదికే ఉప్పు పట్టి ఎలా గట్టిపడతాయో తెలిసిందేగా. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే

విప్పడం ఇంకా సులువు. కేబుల్ లేదు, ఐఏసీ లేదు, ఒకే కనెక్టర్, చాలావాటికి ఆరు పిన్నులు. జాగ్రత్త మాత్రం రెట్టింపు కావాలి. కీ ఆన్‌లో ఉండగా వేలు లోపల పెట్టకండి, మోటారు పలకను ఎప్పుడైనా మూసేస్తుంది. కీ ఆఫ్‌లో కూడా పలకను బలంగా తోయకండి, గేర్ల పళ్లు అరుగుతాయి. కరెంటు లేనప్పుడు పలక కాస్త తెరిచి ఉండటం మామూలే, పాడైందనుకోకండి. కోడ్ పీ2138 అయితే తేడా పెడల్ దగ్గరి సెన్సర్ సర్క్యూట్‌లో, థ్రాటిల్‌లో కాదు. కొన్ని మోడళ్లకు కొత్త బాడీ పెట్టాక స్కానర్‌తో అడాప్టేషన్ (దాన్ని ఈసీయూకి అలవాటు చేయడం) చేయించక తప్పదు, పార్టు కొనే ముందే అది చేసే గ్యారేజీని మాట్లాడి పెట్టుకోండి.

స్టార్ట్ చేసి అలవాటు చేయడం

చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. పాత బాడీలో మసి పట్టిన కొద్దీ ఈసీయూ ఐఏసీని ఎక్కువ తెరవడం నేర్చుకుని ఉంటుంది. కొత్త బాడీ శుభ్రంగా ఉంది, ఆ జ్ఞాపకం మిగిలి ఉంటే ఈసీయూ పాత లెక్కలోనే తెరుస్తుంది. దాంతో మొదటిసారి రేస్ 1500, 2000 దాకా లేచి ఊగుతుంది. వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోకండి. బ్యాటరీ తీసి పెట్టాం కాబట్టి చాలా పాత బండ్లలో ఆ జ్ఞాపకం పోయే ఉంటుంది, మళ్లీ నేర్చుకోవడానికి టైం ఇవ్వాలి.

బ్యాటరీ బిగించండి. ఏసీ, లైట్లు, స్టీరియో అన్నీ ఆఫ్. కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా పది సెకన్లు ఉంచి, ఆఫ్ చేసి, మళ్లీ అంతసేపు ఆగండి. ఇలా రెండు మూడుసార్లయ్యాక పెడల్ తాకకుండా స్టార్ట్ చేయండి. రేడియేటర్ ఫ్యాన్ తిరిగే దాకా ఐడ్లింగ్‌లో వదిలేయండి. కూలెంట్ పైపులు విప్పారు కాబట్టి హీటర్‌ను ఫుల్ వేడి వైపు తిప్పి ఉంచండి, బ్లోయర్ మాత్రం వేయకండి. ఫ్యాన్ ఆగాక ఇంకో పది నిమిషాలు అలాగే నడవనివ్వండి. రేస్ 750 నుంచి 850 మధ్య నిలబడుతుంది, మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూ. ఇప్పుడు బ్లోయర్ వేసి చూడండి. హీటర్ చల్లగా ఊదితే పైపుల్లో ఇంకా గాలి ఉందని అర్థం. ఇంజిన్ ఆపి, చల్లారాక నీళ్లు చూసి నింపండి.

తర్వాత ఒక్కొక్కటిగా బరువు పెంచండి. హెడ్‌లైట్లు వేసి రెండు నిమిషాలు, ఏసీ వేసి ఐదు నిమిషాలు. ఏసీ కంప్రెసర్ పట్టిన క్షణంలో రేస్ కాస్త కిందికి వంగి వెంటనే 900 దగ్గరికి లేవాలి. పవర్ స్టీరింగ్ ఉంటే ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూడండి. ఆగిపోకపోతే చాలు.

మొదటి రౌండు మెయిన్ రోడ్డు మీద వద్దు. లేఅవుట్ లోపలి వీధుల్లో తిప్పుతూ, ఆగుతూ, మళ్లీ కదిలిస్తూ పావుగంట నడపండి. గేర్ తీసి న్యూట్రల్‌లో స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చినప్పుడు రేస్ పడిపోతోందా అన్నది ఇక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కి దిగండి. తిరుపతి ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఆ మర్నాడే బయల్దేరకండి. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో జర్క్ ఇస్తే పక్కకు తీయడానికి చోటు వెతుక్కోవాలి. నాలుగు రోజులు ఆఫీసుకు తిప్పి, కోడ్లు మళ్లీ చదివి, కూలెంట్ లెవెల్ చూసి, బోల్టులు ఒకసారి చేత్తో తడిమి అప్పుడు వెళ్లండి.

ఎమిషన్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడి ఉంటే ఇదే మంచి సమయం. బీఎస్-4 పెట్రోల్ కారు అయితే ఐడ్లింగ్‌లో పొగలో సీవో (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం దాటకూడదు. సర్టిఫికెట్ చేతిలో పెట్టించుకుని వచ్చేయకుండా స్క్రీన్ మీద అసలు అంకె ఎంత వచ్చిందో అడిగి చూడండి. పాత సర్టిఫికెట్ మీది అంకెతో పోల్చితే, మీరు చేసిన పని ఇంజిన్‌కి ఎంత నచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.